తీపి ఎక్కువ, మాల్టు తక్కువ

పోయిన అక్టోబరులో ఇంగ్లండులోని మా డర్బీ దగ్గర జరిగిన ఒక చిన్న ఇంటి బీరు పోటీకి రెండు సీసాలు పంపాను. విభాగం పేల్ ఏల్, అంటే లేతరంగు మాల్టుతో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో) చేసే బీరు. బీరును వర్ణించమన్న గడిలో గర్వంగా “మాల్టు ప్రధానం” అని రాశాను. నవంబరులో మార్కుల కాగితం వచ్చింది. 50కి 27. అడుగున పెన్సిలుతో ఒకే ఒక్క వాక్యం. దాని సారాంశమే ఈ వ్యాసానికి పెట్టిన పేరు.

మొదట కోపం వచ్చింది. ఆ వాయిలో నాలుగు రకాల మాల్టు వేశాను. మామూలు పేల్ మాల్టు మూడున్నర కిలోలు, మ్యూనిక్ అరకిలో, క్రిస్టల్ 450 గ్రాములు, బిస్కట్ మాల్టు పావుకిలో. ఇరవై లీటర్ల బీరుకు దాదాపు ఐదు కిలోల గింజ పడితే మాల్టు తక్కువ ఎలా అవుతుంది? ఆ జడ్జికి జలుబు చేసి ఉంటుందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ మిగిలిన సీసాలోంచి రెండు గుక్కలు తాగి, “అరిసెల పాకం నాకినట్టుంది” అని గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆ మాట నన్ను నాలుగు నెలలు వదల్లేదు. అప్పటినుంచి ఈ మార్చి దాకా పెద్దవి మూడు వాయిలు, చిన్నవి రెండు చేశాను. వాటిలో తేలిన విషయం ఒక్కటే. మాల్టు రుచి కావాలనుకునేవాడు బీరులోకి ఏవేవో చేర్చుకుంటూ పోకూడదు, తీసేసుకుంటూ రావాలి. ఇంటి బీరు పుస్తకాల్లో ఈ మాట కనిపించదని అనను. కానీ “మాల్టు ప్రధానం” అని ముద్ర వేసి అమ్మే సామగ్రి పెట్టెల్లో మాత్రం ఇంకా ఐదేసి రకాల పొట్లాలు వస్తూనే ఉన్నాయి.

(ముందే ఒక మాట. బ్రిటన్‌లో ఇంట్లో బీరు చేసుకోవడానికి 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు, అమ్మకూడదు అంతే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తయారుచేయడమే నేరం. అక్కడివారు దీన్ని వంట కబురుగా మాత్రమే చదువుకోండి.)

ముక్కుకు గుర్తున్న మాల్టు

నేను రాజమండ్రి వాడిని. మా ఊళ్ళో పెరిగినవాళ్ళకు హార్లిక్స్ ఫ్యాక్టరీ వాసన గురించి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం వైపు సైకిలు మీద పోతుంటే గాలి అటునుంచి వీచిన రోజున ముక్కు పుటాలు వాటంతట అవే విప్పుకునేవి. పాలు, వేడి గింజ, కాస్త మాడు. బార్లీ అనే గింజను కళ్ళతో చూడకముందే దాని మాల్టు వాసన నాకు తెలుసు. డర్బీలో మొదటిసారి వేడినీళ్ళలో మాల్టు పోసినప్పుడు, వంటగదిలో లేచిన ఆవిరికి కాళ్ళు ఒక్క క్షణం కదల్లేదు. వయసు పన్నెండు, జేబులో రూపాయి, ఎదురుగా గోదావరి గట్టు.

నా తప్పు కూడా అక్కడే మొదలైంది. మన ఇళ్ళలో మాల్టు అంటే రాగి మాల్టు, హార్లిక్స్. రెండూ తియ్యగా తాగేవే. ఫోనులో అమ్మకు “మాల్టుతో ఒకటి చేస్తున్నాను” అంటే “మంచిదే నాయనా, బలం” అంది. మాల్టు, తీపి మన నాలుక మీద జంటగా అచ్చయిపోయాయి. నేను బీరులో వెతికింది మాల్టును కాదు, ఆ కప్పు అడుగున మిగిలే చక్కెర ముద్దను.

పేల్ ఏల్ విషయంలో ఇంకో అపోహ కూడా ఉంది. ఈ మాట వినగానే ఇప్పుడు చాలామందికి హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) గుర్తొస్తాయి. కాలిఫోర్నియాలోని చికోలో సియెరా నెవాడా వాళ్ళు 1980లో కాస్కేడ్ హాప్స్‌తో చేసిన బీరు ఆ అలవాటుకు మూలం. గ్రేప్‌ఫ్రూట్ (పంపరపనస లాంటి పండు) తొక్క వాసన లేనిదే పేల్ ఏల్ కాదన్నంత దూరం వచ్చేశాం. కానీ పేరులో ఉన్న “పేల్” హాప్స్‌ది కాదు, మాల్టుది. పాతకాలంలో మొలకెత్తిన బార్లీని కట్టెల మంట మీద ఆరబెడితే పొగ పట్టి గోధుమరంగుకు తిరిగేది. రాక్షసిబొగ్గు వాడితే గంధకం వాసన. పదిహేడో శతాబ్దంలో మా డర్బీషైర్ మాల్టు పనివాళ్ళు ఆ బొగ్గును ముందే కాల్చి కోకుగా మార్చి, పొగ లేని వేడితో ఆరబెట్టడం నేర్చారు. గింజ లేతరంగులో మిగిలింది. పేల్ ఏల్ పుట్టింది ఆ గింజలోంచి. తర్వాత 1709లో అబ్రహాం డార్బీ కోల్‌బ్రూక్‌డేల్‌లో కోకుతో ఇనుము కరిగించాడు. అతడు కుర్రతనంలో పని నేర్చుకున్నది మాల్టు విసిరే మరలు చేసేవాళ్ళ దగ్గర. పారిశ్రామిక విప్లవానికి నిప్పు బీరు కొట్టం నుంచే వెళ్ళిందని మా పక్కింటి పెద్దాయన అంటుంటాడు. ఆయన మా పక్క ఊరు బర్టన్‌లో ఒక బీరు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు, ఆమాత్రం గొప్ప చెప్పుకునే హక్కు ఉంది.

అందుకని, మాల్టు ప్రధానమైన పేల్ ఏల్ కొత్త తరహా ఏమీ కాదు, ఎదురుదాడి అంతకన్నా కాదు. పేరుకు తగ్గట్టు ఉండటం, అంతే.

సున్నుండ లెక్క

క్రిస్టల్ మాల్టు గురించి కొంచెం సేపు మాట్లాడాలి, ఎందుకంటే నా మొదటి వాయి మునిగింది దానివల్లే.

మామూలు మాల్టు చేసేటప్పుడు బార్లీని నానబెట్టి, నాలుగైదు రోజులు మొలకెత్తనిచ్చి, తర్వాత వేడిగాలితో ఆరబెడతారు. చివరికి ఆ వేడిని ఎనభై డిగ్రీలు దాటిస్తారు. గింజలోని కొద్దిపాటి చక్కెరలు, మాంసకృత్తులు కలిసి రొట్టె పైపొర వాసనను తెస్తాయి. పిండిపదార్థం మాత్రం పిండిగానే ఉంటుంది, అది చక్కెరగా మారేది మన గిన్నెలో. క్రిస్టల్ మాల్టు దారి వేరు. తడి మొలకలను ఆరబెట్టకుండానే అరవై, డెబ్బై డిగ్రీల దగ్గర ఉడకబెడతారు. పొట్టు లోపలే పిండి కరిగి చక్కెర అవుతుంది. ఆ పైన వేయిస్తే అది పాకమై గట్టిపడుతుంది. గింజ కొరికితే గాజులా విరుగుతుంది, ఆ పేరు అందుకే. చక్కెరను తిని ఆల్కహాలు చేసే ఈస్టు ఆ పాకంలో కొంత భాగాన్ని తినలేదు. అది బీరులో తీపిగా మిగిలిపోతుంది.

అంటే క్రిస్టల్ ఇచ్చేది పాకం రుచి. గింజ రుచి కాదు. ఈ తేడాను నేను ఎన్నోసార్లు చదివాను. బుర్రకెక్కింది మాత్రం సంక్రాంతికి అమ్మ ఫోనులో సున్నుండల గురించి మా ఆవిడకు చెబుతుంటే పక్కనుంచి విన్నప్పుడు. “మినప రుచి తేలడం లేదని బెల్లం పెంచకమ్మా. బెల్లం పెంచితే అది బెల్లపుండ అవుతుంది. మంట తగ్గించి, మినుములు కమ్మని వాసన వచ్చేదాకా వేయించు.” నేను కూర్చున్నచోటే నోటుపుస్తకం తెరిచి క్రిస్టల్ అంకె కొట్టేశాను.

పాకానికి ఇంకో గుణం ఉంది. క్రిస్టల్ ఎక్కువైన బీరు సీసాలో నెలలు గడిచేకొద్దీ ఎండుద్రాక్ష వైపు, ఆ తర్వాత తడిసిన అట్ట వైపు జారుతుంది. నా పోటీ సీసాలు వేసవిలో చేసినవి. అవి జడ్జి దగ్గరికి చేరేసరికి ఆ జారుడు మొదలయ్యే ఉంటుంది. ఆయనకు జలుబు లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మరి క్రిస్టల్ పూర్తిగా తప్పా? ఇంగ్లండులో బిట్టర్ అని పిలిచే చాలా మంచి బీర్లలో అది ఉంటుంది. కొద్దిగా వేస్తే మాల్టు రుచికి అంచు దిద్దినట్టు ఉంటుంది. నా మొదటి వాయిలో దాదాపు పది శాతం పడింది. అందులో మూడో వంతు కూడా అవసరం లేదని ఇప్పుడు నా అభిప్రాయం. మ్యూనిక్ విషయంలో అంత గట్టిగా చెప్పలేను. అది పాకపు మాల్టు కాదు, కాస్త ఎక్కువ వేడిమీద ఆరిన గింజే. జర్మన్లు దాన్నే మూలంగా పెట్టి గొప్ప బీర్లు చేస్తారు. నా గిన్నెలోంచి దాన్ని తీసేసింది ద్వేషంతో కాదు. ఒక్క గింజ ఏం మాట్లాడుతుందో వినాలని.

మారిస్ ఆటర్ అనే నమ్మకం

ఒక్క గింజే అనుకున్నాక, ఏ గింజ అన్న ప్రశ్న వస్తుంది. ఇంగ్లండులో ఎవరిని అడిగినా మారిస్ ఆటర్ అంటారు. కేంబ్రిడ్జ్ పక్కన ట్రంపింగ్టన్‌లో మారిస్ లేన్ అనే వీధిలో ఉన్న వంగడాల పరిశోధన సంస్థ 1960లలో విడుదల చేసిన బార్లీ అది. ప్రాక్టర్, పయొనీర్ అనే రెండు రకాలను కలిపి పుట్టించారు. పొలంలో దిగుబడి తక్కువ. 1980లలో రైతులు వదిలేస్తుంటే, బీరు చేసేవాళ్ళూ విత్తన వ్యాపారులూ పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. ఎక్కువ ధర ఇచ్చి పండించే పాత వరి రకాల పట్ల మన దగ్గర ఎలాంటి భక్తి ఉందో, దీనిమీద ఇక్కడ అలాంటి భక్తే ఉంది. (యార్క్‌షైర్‌లో తిమోతీ టేలర్ వాళ్ళు లాండ్‌లార్డ్ బీరుకు వాడే గోల్డెన్ ప్రామిస్ కథ ఇంకా వింత. ఒక పాత బార్లీ గింజల మీద గామా కిరణాలు పంపించి పుట్టించిన రకం అది. “సంప్రదాయ రుచి” అని మురిసిపోయేదాని వెనక అణు ప్రయోగశాల ఉంది.)

భక్తి అంటే నాకు అనుమానం. డిసెంబరులో పది లీటర్ల వాయిలు రెండు పెట్టాను. అన్నీ ఒకటే, ఒకదానిలో మారిస్ ఆటర్, రెండోదానిలో తక్కువ ధర పేల్ మాల్టు. మూడేసి గ్లాసులు, రెండింటిలో ఒకే బీరు, ఒకదానిలో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. నేను, మా ఆవిడ, పక్కింటి పెద్దాయన, ఒక్కొక్కరం రెండుసార్లు. ఆరు ప్రయత్నాల్లో మూడు సరిగ్గా చెప్పాం. కళ్ళు మూసుకుని ఊహించినా రెండు కుదురుతాయి. రెండుసార్లూ సరిగ్గా చెప్పినది పెద్దాయన కాదు, మా ఆవిడ. నేను రెండుసార్లూ తప్పాను. “నా నాలుకకు మారిస్ ఆటర్ తెలుస్తుంది” అని ఇదే బ్లాగులో గతంలో రాసినవాడిని నేనే.

ఆరు ప్రయత్నాలతో ఏదీ తేలదు, నాకు తెలుసు. అయినా మర్నాడు పెద్దాయన చేసిన పని ఒకటి తేల్చింది. నా గ్యారేజీలోని సంచుల్లోంచి గుప్పెడు గుప్పెడు గింజ తీసి నమిలాడు. డిసెంబరు వాయిలకు తెచ్చిన రెండు సంచుల గింజలూ కరకరలాడాయి. మూడో సంచి మాత్రం వేసవిలో పోటీ వాయికి వాడగా మిగిలింది. దుకాణంలోనే మర పట్టించి తెచ్చి, మూతి సరిగ్గా కట్టకుండా నెలల తరబడి వదిలేసినది. అది నోట్లో మెత్తగా, తేమ పట్టిన మరమరాల్లా ఉంది. “రకం గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు దీన్ని పక్షులకు వెయ్యి” అన్నాడు. మొదటి వాయి పెట్టేనాటికి దాని మూతి తెరిచి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకుంటే సిగ్గేసింది. నాలుగు రకాల మాల్టు వేశానని గొప్పలు పోయాను. అందులో అన్నిటికన్నా పెద్ద భాగం మెత్తబడిపోయిన గింజ. ఈ పొరపాటు చేసేవాళ్ళు నేనొక్కడినే కాదనుకుంటాను. వంటకం కాగితం మీద ఎంత బాగున్నా, అది గింజ నమిలి చూడదు కదా.

ఇప్పుడు మారిస్ ఆటరే కొంటున్నాను. నిజం చెప్పాలంటే అది రుచి కోసమా, భక్తి కోసమా అని అడగకండి. మర మాత్రం ఇంట్లో పెట్టుకున్నాను, బీరు చేసే రోజు ఉదయమే విసురుతాను.

చేదు తీసేస్తే ఏమవుతుంది

మార్కుల కాగితం వచ్చాక పెట్టిన మొదటి పెద్ద వాయి నా తర్కానికి తగిన శిక్ష. మాల్టు వినపడాలంటే హాప్స్ నోరు మూయాలనుకుని చేదును 14 ఐబీయూకి (బీరు చేదును కొలిచే అంకె అది) దించేశాను. క్రిస్టల్ కూడా లేదు. వచ్చిన బీరులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, పొగడటానికీ ఏమీ లేదు. ఉప్పు వేయని పప్పు. గింజ వాసన ముక్కుకు వస్తుంది, నాలుక మీద నిలబడదు, మింగగానే ఎటో పోతుంది.

బెంగళూరులో ఉండే మా బావమరిది హాప్స్ పిచ్చివాడు. ఈ సంగతి వీడియో కాల్‌లో చెబితే పడీ పడీ నవ్వాడు. “బావా, మీరు ఎన్ని చెప్పినా బీరుకు ప్రాణం హాప్సే. ఇండియా పేల్ ఏల్ అని మన దేశం పేరు ఊరికే పెట్టారా?”

చరిత్ర ప్రకారం వాడి మాటలో సగం నిజముంది. లండన్ నుంచి, తర్వాత 1820ల నుంచి బర్టన్ నుంచి కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులకు వచ్చిన పేల్ ఏల్‌లో హాప్స్ దండిగా ఉండేవి. నెలల ప్రయాణం, ఎండ, అన్నీ తట్టుకోవాలి. కానీ అది దొరల బీరు. దండులోని మామూలు తెల్ల సిపాయిలకు చేరింది ఎక్కువగా పోర్టరు అనే నల్లటి బీరు. మన దేశం పేరు పెట్టుకున్న బీరును మన దేశంలో తాగినవాళ్ళే తక్కువ. వాడితో ఇదంతా వాదించాను కానీ, అసలు విషయంలో వాడు గెలిచాడని లోపల తెలుసు. చేదు మాల్టుకు శత్రువు కాదు. నాలుక మీది తీపిని చేదు తుడిచిపెడితేనే గింజ రుచికి చోటు దొరుకుతుంది. నాకు అడ్డొచ్చింది హాప్స్ చేదు కాదు, హాప్స్ వాసన. ఆ రెండింటినీ ఒకటే అనుకున్నాను.

బీరు తూకానికి ఒక కొలత ఉంది. చేదు అంకెను మొదటి సాంద్రతలోని (పులియకముందు రసం చిక్కదనం, 1.052 లాంటి అంకె) చివరి రెండంకెలతో భాగించడం. నా పోటీ బీరుకు 25ను 52తో భాగిస్తే 0.48. ఉప్పులేని పప్పుకు దాదాపు 0.3. ఇప్పుడు 0.58 దగ్గర స్థిరపడ్డాను. మాల్టు ప్రధానమని పేరు పెట్టిన బీరులో చేదు నిష్పత్తి తీపి బీరులోకన్నా ఎక్కువ. ఈ మాట నాలుగు నెలల కింద ఎవరైనా అంటే నవ్వేవాడిని. ఈ చేదంతా దాదాపు మరుగు మొదట్లో వేసే హాప్స్ నుంచే రావాలి. గంటసేపు మరిగేసరికి వాసన నూనెలు ఎగిరిపోతాయి, చేదు మిగులుతుంది. చివర్లో వేసేది గుప్పెడు దాటకూడదు, అదీ ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ లాంటి నెమ్మదైన రకం అయితేనే.

బర్టన్ పక్కన ఉండటం

జనవరి వాయిని పాడుచేసింది స్థలాభిమానం. మా ఇంటి నుంచి బర్టన్‌కు కారులో అరగంట. ఆ ఊరి బావుల్లో జిప్సం కరిగి ఉంటుంది, సల్ఫేట్ లీటరుకు ఆరేడు వందల మిల్లీగ్రాములు ఉండేదంటారు. పేల్ ఏల్‌కు బర్టన్ పేరు తెచ్చింది ఆ నీరే. ఇతర ఊళ్ళవాళ్ళు తమ నీళ్ళలో జిప్సం కలుపుకోవడానికి “బర్టనైజ్” అనే క్రియాపదమే పుట్టింది. పక్క ఊరివాడిని, నేను కలపకపోతే ఎలా?

కలిపాను. మూడు వందలు దాటించాను. బీరు ఎండు గడ్డిలా పొడిబారింది. చేదు పళ్ళకు పట్టుకుంది. గింజ రుచి ఎక్కడో గోడ అవతల ఉంది. సల్ఫేట్ హాప్స్‌కు పదును పెడుతుంది, క్లోరైడ్ మాల్టుకు నిండుతనం ఇస్తుందని అందరూ చెప్పే మాటే. నేను చదివిందే. బర్టన్ నీళ్ళు బర్టన్ బీరుకు మంచివి. అక్కడ ఆ బీర్లను పీపాల్లో నెలల తరబడి ఉంచేవారు, సాంద్రతలూ ఎక్కువే. నా నాలుగున్నర శాతం బీరుకు ఆ కవచం బరువైపోయింది. పక్కింటి పెద్దాయన మాత్రం ఆ వాయిలో ఎనిమిది సీసాలు ఆనందంగా తీసుకెళ్ళాడు. ముక్కు దగ్గర పెట్టుకోగానే వచ్చే అగ్గిపుల్ల వాసన ఆయనకు యవ్వనం. నాకు హార్లిక్స్ వాసన ఎలాగో అలాగ. అక్కడ వాదించలేదు.

మాష్ (విసిరిన మాల్టును వేడినీళ్ళలో నానబెట్టే దశ) వేడి గురించి ఒక్క మాట. ఎక్కువ వేడిలో, అంటే 69 డిగ్రీల దగ్గర ఉంచితే ఈస్టు తినలేని డెక్స్ట్రిన్లు (పిండి పూర్తిగా చక్కెర కాకుండా మిగిలిన ముక్కలు) మిగిలి మాల్టు పెరుగుతుందని చాలామంది చెబుతారు. నేనూ పోటీ బీరుకు అదే చేశాను. డెక్స్ట్రిన్లకు రుచి దాదాపు లేదు. అవి నోటికి మందాన్ని ఇస్తాయి. గంజి చిక్కగా ఉన్నంత మాత్రాన అందులో బియ్యం రుచి ఎక్కువని అనం కదా.

ఇప్పటి వంటకం

ఫిబ్రవరి మొదటి వారంలో పెట్టిన వాయి ఇది. ఇరవై లీటర్లకు, నా గిన్నె పనితనం (గింజలోంచి రాబట్టగలిగే చక్కెర) 75 శాతం అనుకుని.

అప్పుడే విసిరిన మారిస్ ఆటర్ 4.1 కిలోలు, లేత క్రిస్టల్ 120 గ్రాములు. అంతే. కుళాయి నీళ్ళు 28 లీటర్లు. క్లోరిన్ పోవడానికి అరబిళ్ళ క్యాంప్డెన్, మాల్టు కోసం కాల్షియం క్లోరైడ్ 5 గ్రాములు. జిప్సం డబ్బా అటక మీదికి వెళ్ళిపోయింది. (మీ నీళ్ళు వేరు. నీళ్ళ కంపెనీ ఇచ్చే లెక్క చూసి కలపండి, నా గ్రాములు నకలు చేయకండి.) మాష్ 66 డిగ్రీల దగ్గర గంట. మరుగు గంట. మొదట్లోనే ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ 40 గ్రాములు, దింపడానికి పది నిమిషాల ముందు 20 గ్రాములు. హాప్స్‌లో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 5 శాతం ఉంటే చేదు 28 దరిదాపుల్లో వస్తుంది. మొదటి సాంద్రత 1.048.

ఈస్టు లండన్ ఈఎస్‌బీ రకం. దీంతో నాకు పాత పేచీ ఉంది. పని సగంలో వదిలేసి అడుగున పడుకుంటుంది. పోటీ బీరు 1.019 దగ్గర ఆగిపోతే నేను సంతోషించాను కూడా, తీపి మిగిలింది కదా అని. ఈసారి 19 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, నాలుగో రోజు 21కి పెంచి, రోజుకొకసారి బకెట్టును మెల్లగా తిప్పి లేపాను. పులిసేటప్పుడు పుట్టే వెన్న వాసన కూడా ఆ వేడికి పోతుంది. 1.012కి దిగింది. ఆల్కహాలు నాలుగున్నర పైచిలుకు. ఇంకా దిగితే మంచిదా అంటే, కాదు. అంతకుముందు ఒకసారి అమెరికన్ ఈస్టుతో 1.008 దాకా పోనిస్తే బీరు శుభ్రంగా, సన్నగా, ఎవరిదో తెలియనట్టుగా వచ్చింది. కాబట్టి తీపిని తిట్టిపోసిన నేను కొంచెం తీపిని ఉంచుకుంటున్నానన్నమాట. సున్నుండలో బెల్లం మొత్తం మానెయ్యమని అమ్మ కూడా అనలేదు.

సీసాల్లోకి మొత్తానికి 90 గ్రాముల చక్కెర. చాలామంది వేసేదానికన్నా తక్కువ. గ్యాసు ఎక్కువైతే నాలుకను గుచ్చి, గింజ రుచిని చెదరగొడుతుంది.

ఫ్రిజ్

మార్చి మూడో వారంలో బావమరిది ఆఫీసు పని మీద లండన్ వచ్చి, శని ఆదివారాలు మా ఇంట్లో ఉన్నాడు. వాడొచ్చే సమయానికి నేను ఇంట్లో లేను. గ్యారేజీలో పన్నెండు డిగ్రీల దగ్గర ఉన్న సీసాలను మర్యాదగా తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో, అదీ పై అరలో పెట్టాడు. రాత్రి భోజనానికి ముందు పోసుకుని ఒక గుక్క తాగి, మొహమాటంగా నవ్వాడు.

“బాగుంది బావా. చల్లగా ఉంది.”

“మాల్టు తెలుస్తోందా?”

“నిజం చెప్పనా? ఏమీ తెలియడం లేదు.”

నాకూ తెలియలేదు. నాలుగు నెలల కష్టం మంచినీళ్ళయిపోయింది. ఈలోగా అమ్మ ఫోను చేసింది. వాడి పెళ్ళి సంబంధాల విషయం. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచితే ముప్పావుగంట నడిచింది. గ్లాసులు ముట్టుకోకుండా అక్కడే ఉన్నాయి. ఫోను పెట్టేశాక వాడు అన్యమనస్కంగా గ్లాసెత్తి తాగి, ఆగి, మళ్ళీ తాగాడు.

“ఇది ఇందాకటిదేనా?”

“అదే.”

“రొట్టె వాసన వస్తోంది బావా. మేరీ బిస్కట్టు పాకెట్టు విప్పినట్టు.”

వాడి మాటను గెలుపుగా రాసుకుందామనుకున్నాను. కానీ రెండో సీసా సగంలో ఉండగా, “దీనికి చివర్లో కాస్త సిట్రా హాప్స్ తగిలిస్తే అదిరిపోతుంది” అన్నాడు. మా ఆవిడ తమ్ముడి వైపు చేరింది. మొదటి వాయికి ఇది వందరెట్లు నయమే కానీ, రెండు గ్లాసుల తర్వాత నాలుక ఇంకేదో అడుగుతోందట. ఇందులో నిజముందా అని వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. వాళ్ళకు హాప్స్ అలవాటు అని కొట్టిపారేయడం తేలిక. కానీ పక్కింటి పెద్దాయన కూడా, పేరు పెట్టలేక, “మర్యాదస్తుడి బీరు” అని ఊరుకున్నాడు. ఆయన నోట అది పొగడ్త కాదు.

నాకు అనుమానం ఆ 120 గ్రాముల క్రిస్టల్ మీద ఉంది. వాళ్ళు అడుగుతున్నది హాప్స్ కాదేమో, ఇంకొంచెం ఎండుతనమేమో. ఏప్రిల్ వాయిలో ఆ 120 కూడా తీసేస్తున్నాను. వారి కోసం ఒక ఐదు లీటర్లు విడిగా తీసి, అందులో సిట్రా వేస్తానని మాట ఇచ్చాను. అది ముందు అయిపోతే ఇక్కడ రాస్తానో లేదో చెప్పలేను.